మునిగిన ఊరికి కైఫీయతు ఎవరు రాయాలి?

ఒక సెమినార్లో పేపరు చదివినాను. గండికోట జలాశయం కింద పోయిన ఊళ్లలో మాలిండ్ల, మాదిగిండ్ల చరిత్ర గురించి. చదవడం అయిపోయినాక ఒక పెద్దాయన లేచి, ‘అంతా బాగుంది నాయనా, ఆధారాలేవి?’ అన్నాడు. నేను మా అమ్మ చెప్పిన మాటలని చెప్పినాను. హాల్లో నవ్వినారు. ఎగతాళి నవ్వు కాదది, చిన్నపిల్లోడు ముద్దుగా తప్పు మాట్లాడితే నవ్వే నవ్వు. ఆ తర్వాత ఆ అధ్యాయం సిద్ధాంత గ్రంథంలో వద్దని కూడా సలహా వచ్చింది. ‘రాతపూర్వక ఆధారం లేనిది చరిత్ర కాదు, జ్ఞాపకం’ అన్నారు.

అప్పటి నుండి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక ఊరికి రాతపూర్వక ఆధారం అంటే ఏమిటి? ఎవరు రాస్తారు? ఎవర్ని అడిగి రాస్తారు? ఊరు ఉన్నప్పుడే ఎవర్ని ఊర్లో లెక్కెయ్యలేదో, ఊరు మునిగినాక వాళ్లను ఏ కాగితంలో వెతకాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం. కడప జిల్లాలో ఊరి గురించి రాసిన నాలుగు రకాల రాతల్ని ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదువుతాను. అవి కైఫీయతు, ఊరిపేరు మీద పరిశోధన, భూసేకరణ అవార్డు, ‘మా ఊరు’ అని కలవరించే సాహిత్యం. ఈ నాలుగూ వేరువేరు కాలాలవి, వేరువేరు చేతులు రాసినవి. అయినా ఒక విషయంలో నాలుగింటికీ చుట్టరికం ఉంది.

మునిగింది ఏది?

ముందు విషయం చెప్పుకుందాం. చిత్రావతి పెన్నలో కలిసే చోట గండ్లూరు. దాని చుట్టుపక్కల కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు, చామలూరు, ఎర్రగుడి, చౌటిపల్లె, ఓబన్నపేట లాంటి ఊళ్లు. నల్లరేగడి నేలలు, శనగ, పొద్దుతిరుగుడు, పత్తి. నీళ్లున్న చోట చీనీ తోటలు. పెన్న అక్కడి నుండి కొండల మధ్య దూరి గండికోట గండిలోకి పోతుంది. ఆ గండి దగ్గరే గాలేరు–నగరి సుజల స్రవంతి పథకం కింద జలాశయం కట్టినారు. సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఇరవైకి పైగా ఊళ్లు ముంపులోకి పోయినాయి. కొన్ని ముందే ఖాళీ అయినాయి. తాళ్లప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊళ్లు చివరిదాకా ఉన్నాయి. 2020లో నీటిమట్టం పెంచుతుంటే పరిహారం చేతికి రాకుండానే ఊర్లోకి నీళ్లొస్తున్నాయని జనం రోడ్డు మీద కూచున్నారు. ఆ సంవత్సరంతో ఆ ఊళ్ల కథ అయిపోయింది.

ఆ నీళ్లు యాడివి? కృష్ణ నీళ్లు. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు మీదుగా, గోరకల్లు, అవుకు దాటి వస్తాయి. 1981 ఎండాకాలంలో అదే శ్రీశైలం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లను పోలీసుల్ని పెట్టి కూలగొట్టి ఖాళీ చేయించినారు. లక్ష మందికి పైగా చెట్ల కింద పడ్డారు. అంటే ఒకచోట ఊళ్లను ముంచిన నీళ్లే నలభై ఏండ్లకు ఇంకోచోటికి నడిచొచ్చి ఇంకొన్ని ఊళ్లను ముంచినాయి. గండికోటలో నిలిచిన నీళ్లు పైడిపాలెంకు, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు, సర్వరాయసాగరుకు పోతాయి. పులివెందుల చీనీ తోటలకు ఊపిరొచ్చింది. సీమకు నీళ్లు రావద్దని ఎవరంటారు? కరువులో పుట్టి పెరిగిన నేను అసలే అనను. మా మైదుకూరు మడులు కె.సి. కాలువ నీళ్లతో పచ్చగా ఉంటే ఆ మడుల్లో నాట్లేసింది మా అమ్మ. నీళ్ల విలువ కూలోళ్లకు చెప్పాల్సిన పని లేదు. కాని నీళ్లు ఎవరి చేనికి పోయినాయి, ఎవరి కొంపమీద నిలిచినాయి అని అడగడం నీళ్లకు అడ్డం పడటం కాదు.

మొదటి రాత: కైఫీయతు

తెలుగులో మొదటి శాసనంగా చెప్పుకొనే కలమళ్ల శాసనం మా ఎర్రగుంట్ల పక్కదే. రాతలకు మా జిల్లాలో కొదవ లేదు. 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరికీ పంపి స్థానిక చరిత్రలు రాయించినాడు. అవే కైఫీయతులు. ఆ పనికి కావలి సోదరులు లాంటి బ్రాహ్మణ పండితులు పూనుకున్నారు. ఊరి కరణం దగ్గర దండకవిలెలు తిరగేసినారు, గుడి స్థానికుల్ని అడిగినారు. తర్వాత సి.పి. బ్రౌను వాటికి నకళ్లు రాయించి కాపాడినాడు. కడపలో బ్రౌను పేర ఉన్న గ్రంథాలయం మన కాలంలో జిల్లా కైఫీయతుల్ని అచ్చు వేసింది. ఇది చిన్న మేలు కాదు. ఇవి లేకుంటే సీమ చరిత్ర సగం చీకటి.

కాని మనం వాటిని ఎట్లా చదవాలి? కైఫీయతుకు ఒక వరస ఉంది. ఊరు ఎట్లా పుట్టింది, ఏ రాజు కాలంలో ఎవరికి అగ్రహారం ఇచ్చినారు, ఏ దేవుడికి ఎంత మాన్యం, ఏ పాళెగాడు ఎప్పుడు దోచినాడు, చెరువు ఎవరు తవ్వించినారు, పన్నెంత. ఇందులో ‘చెరువు తవ్వించిన’ వాడికి పేరుంటుంది, ‘తవ్విన’ వాడికి ఉండదు. గండికోట గురించి రాస్తే పెమ్మసాని వారుంటారు, 1652లో కోటను పట్టుకున్న మీర్ జుమ్లా ఉంటాడు. కోటగోడకు రాళ్లు మోసినోళ్లు ఉండరు. మాల, మాదిగలు కైఫీయతులో కనిపించినా సేవకులుగా, మాన్యం కింద చాకిరీ చేసేవాళ్లుగా కనిపిస్తారు. ఊరు చెప్పుకొనే కథలో వాళ్లు పాత్రలే గాని కథ చెప్పేవాళ్లు కారు.

ఇది మెకంజీ తప్పనో, ఆ పండితుల దుర్మార్గమనో నేననడం లేదు. ఊరి చరిత్ర కావాలని వచ్చినోడు ఊర్లోకే పోతాడు. చావడి దగ్గర కూచుంటాడు. మాదిగిండ్లు ఊర్లో లేవు గదా, ఊరి బయట ఉన్నాయి. ఆయన అక్కడికి పోలేదు. మైలపడతానని పోలేదు. అందుకని ఆ రాత మైలపడకుండా మిగిలింది. మన పరిశోధకులు ఈనాటికీ దాన్నే ‘మూల ఆధారం’ అంటున్నారు. రెండువందల ఏండ్ల కింద అంటరానితనం వల్ల ఆగిపోయిన అడుగే ఈరోజు ‘ఆధారం లేదు’ అనే మాటగా మారింది. సెమినార్లో నా ముందు నవ్విన నవ్వుకు మూలం అక్కడుంది.

రెండో రాత: ఊరిపేరు

కేతు విశ్వనాథరెడ్డి కథకుడిగా అందరికీ తెలుసు. ఆయన పరిశోధన ‘కడప ఊర్ల పేర్లు’. 1976లో పుస్తకంగా వచ్చింది. ఒక జిల్లా ఊళ్ల పేర్లను వరసగా పట్టుకొని భాషాశాస్త్రం తోడు పెట్టుకొని చూసిన పని. రాజుల చరిత్ర వదిలి ఊరిపేరులో చరిత్ర ఉందని చూపించడం ఆ కాలానికి పెద్ద మలుపు. నేను ఆ దారినే నడిచినోణ్ణి కాబట్టి ఈ మాట గౌరవంతోనే అంటున్నాను. 2023లో ఆయన పోయినారు. ఆయన అడిగిన ప్రశ్నకు ఇంకో ప్రశ్న చేర్చాల్సిన బాధ్యత మా తరానిది.

ఆ ప్రశ్న ఇది: పేరే లేని ఊరి సంగతేమి? సీమలో దళితులుండే చోటికి చాలా ఊళ్లలో సొంతపేరు లేదు. ‘మాలిండ్లు’, ‘మాదిగిండ్లు’ అంటారు. ఊరికి పేరుంది, మాకు ఇండ్లున్నాయి, అంతే. రెవెన్యూ పటంలో ఒక చుక్క, ఓటర్ల జాబితాలో ఒక వార్డు, పోస్టు చిరునామాలో ‘హరిజనవాడ’. ఎనభైల తర్వాత అంబేద్కర్ కాలనీ అనో, ఇందిరమ్మ కాలనీ అనో పేర్లొచ్చినాయి. ఆ పేర్లలో కొన్ని మనం పోట్లాడి పెట్టుకున్నవి, కొన్ని వాళ్లు పెట్టినవి.

కాని పేర్లు లేకపోలేదు. అవి పటంలో లేవు, నోట్లో ఉన్నాయి. మా అమ్మ పుట్టిల్లు ముంపు ఊళ్లలో ఒకటి. ఆమెను కూచోబెట్టి అడిగితే ఒక్క పూటలో ముప్పై పేర్లు చెప్పింది. తోళ్లు నానబెట్టే గుంతకు ఒక పేరు, బిడ్డల్ని పూడ్చే చోటుకు ఒక పేరు, పెన్నలో మా వాళ్లు నీళ్లు ముంచుకొనే చెలమ రేవుకు ఒక పేరు, ఊరోళ్ల రేవుకు ఇంకో పేరు. ఒకే ఏట్లో రెండు రేవులు. అది చెప్పే చరిత్ర ఏ శాసనంలోనూ లేదు. జలాశయం నిండినాక ఆ రెండు రేవులూ ఒకే నీటి కింద ఉన్నాయి. ఊరిపేరన్నా రికార్డులో మిగిలింది. ఈ ముప్పై పేర్లు మా అమ్మ తరంతో పోతాయి.

మూడో రాత: అవార్డు

భూసేకరణలో అధికారి ఇచ్చే తీర్పును అవార్డు అంటారు. మునిగిన ఊరికి ప్రభుత్వం రాసే చివరి కైఫీయతు అది. సాహిత్య విమర్శకులు దాన్ని చదవరు. చదవాలి. ఎందుకంటే ఊరు అంటే ఏమిటో ఇంత స్పష్టంగా నిర్వచించిన రాత ఇంకోటి లేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, పట్టాదారు పేరు, బావి, చీనీ చెట్లెన్ని, మిద్దె కొలత ఎంత. దీని ప్రకారం ఊరు అంటే సొత్తు. సొత్తు ఉన్నోడే ఊరోడు.

1894 నాటి చట్టంలో నేల విలువ మీద కొంత శాతం అదనంగా ఇచ్చేవాళ్లు. దాన్ని సొలేషియం అంటారు. ఇష్టం లేకుండా నేల వదలాల్సి వచ్చినందుకు ఊరట సొమ్ము. 1984 సవరణ తర్వాత అది 30 శాతం. 2013 చట్టంలో నూరు శాతం. అంటే పది ఎకరాలోడి బాధకు ఒక లెక్క, ఎకరా వానికి అందులో పదోవంతు, నేల లేనోడి బాధ సున్న. ఇది లెక్కల సూత్రమే గాని ఇందులో ఒక తత్వం ఉంది. మనుధర్మం వేరే భాషలో మాట్లాడితే ఇట్లనే ఉంటుంది.

డి-పట్టా నేలల సంగతి ఇంకోటి. పోట్లాడి, దరఖాస్తులు పెట్టి, రాళ్లు ఏరి బాగుచేసుకున్న నేల. 1977 చట్టం ప్రకారం అప్పట్లో దాన్ని అమ్మడానికి లేకుండేది. ఆ చట్టం మన మేలుకే, పెద్దోళ్లు కాజేయకుండా. కాని ప్రభుత్వానికే నేల కావాల్సి వచ్చినప్పుడు అదే అడ్డం తిరిగింది: ‘అది మేమిచ్చిందే గదా, పరిహారం ఎందుకు, దయతో ఇంత ఇస్తాం’ అన్నారు. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో, అసైన్డు భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు పేరు ప్రతి దళిత విద్యార్థికీ నోటికి రావాలి.

ఇక కౌలుకు, కోరుకు చేసినోళ్లు, కూలికి పోయినోళ్లు, పెన్న గట్టున నాలుగు గొర్రెలు మేపుకున్నోళ్లు. 2005లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన పునరావాస విధానం, ఆ తర్వాత 2013 కేంద్ర చట్టం వీళ్లను కూడా ‘బాధిత కుటుంబం’ అన్నాయి. 2013 చట్టంలో ఇంకో మాట ఉంది: సాగునీటి ప్రాజెక్టులో నేల పోగొట్టుకున్న షెడ్యూల్డు కులాల వాళ్లకు పోయినంత నేల గాని, రెండున్నర ఎకరాలు గాని, ఏది తక్కువైతే అది ఇవ్వాలని. గండికోట పనులు మొదలైనప్పటికి ఆ చట్టం లేదు. మా వాళ్లకు దక్కింది కుటుంబానికింత అనే ప్యాకేజీ డబ్బు, కాలనీలో ఇంటి జాగా. అది కూడా కటాఫ్ తేదీకి 18 ఏళ్లు నిండినాయా లేదా అనే గొడవ మీద వేలాడింది. మా మేనమామ కొడుకుల్లో ఒకడు ‘కుటుంబం’ అయినాడు, ఇంకోడు కాలేదు. ఇద్దరి మధ్య మాటల్లేవు. ఈ పగ ఏ అవార్డులో రాస్తారు?

నాలుగో రాత: ‘మా ఊరు’

ముంపు మీద కథలు, కవితలు, పాటలు చాలా వచ్చినాయి. శ్రీశైలం నాటి నుండి పోలవరం దాకా. ఎవరి పేరూ పెట్టి నిందించడం నా ఉద్దేశం కాదు, అలవాటుగా మారిన ఒక పద్ధతి గురించే నా మాట. ఆ పద్ధతి మీకందరికీ తెలుసు. రచ్చబండ, రావిచెట్టు, కోవెల గంట, ఊరబావి, అరుగు మీద తాత. నీళ్లు ఒక్కొక్క మెట్టే ఎక్కుతాయి. చివరకు గుడి గోపురం మాత్రం కనపడుతుంది. చదివినోళ్ల కండ్లు చెమరుస్తాయి.

నా కండ్లు కూడా చెమరుస్తాయి, అబద్ధం ఎందుకు? కాని కండ్లు తుడుచుకొని అడగాల్సి ఉంది: ఆ రచ్చబండ మీద ఎవరు కూచున్నారు? ఆ ఊరబావిలో ఎవరు చేద వేసినారు? ఊరబావి అంటే దళితులకు ఏమో కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ కథ రాసినాక కూడా తెలియనట్టు రాయడం ఎట్లా కుదురుతుంది? ఈ సాహిత్యంలో ఊరు మునిగేటప్పుడు ఒక్కటైపోతుంది. ఉన్నన్నాళ్లు రెండుగా ఉన్న ఊరు, చచ్చేటప్పుడు ఒకటి! నీళ్లు కులాన్ని కడిగేస్తాయన్నట్టు. కాలనీకి పోయి చూడండి. కొత్త ప్లాట్లు గీసేటప్పుడు మళ్లా ఎవరి వరస వాళ్లకే. ఎస్సీలకు ఒక మూల. ఊరు మునిగింది గాని ఊరి పటం మునగలేదు.

దేవుళ్ల సంగతి చూడండి. శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి రాయి రాయీ తెచ్చి ఆలంపురంలో మళ్లీ కట్టినారు. చరిత్ర సంపద కాపాడటం మంచిదే. కృష్ణా తీరాన మునిగిన ఇంకో సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లు తగ్గి బయటపడితే పూజలు చేస్తారు, పత్రికలు ఫొటోలు వేస్తాయి. ఆ పక్కనే ఉండిన మాలిండ్లు యాడ ఉండేవని ఒక్కరూ అడగరు. రాయికి ఉన్న పునరావాసం మనిషికి లేదు.

మరి మనం ఏడవాలా, సంతోషించాలా?

ఇక్కడ మనలోనే ఒక వాదం ఉంది. దాన్ని దాటేసి పోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను ఆకాశానికెత్తే వాళ్లను నిలదీసి, మన ఊరు సంకుచితానికీ అజ్ఞానానికీ కులతత్వానికీ గుంట అన్నారు. అంతకు ముందే 1942 నాగపూర్ మహాసభ షెడ్యూల్డు కులాలకు హిందూ ఊళ్లతో సంబంధం లేని వేరే ఊళ్లు కావాలని తీర్మానించింది. 1947లో రాసిన ‘రాష్ట్రాలు – మైనారిటీలు’ లోనూ ఆ మాట ఉంది. అంటే ఊరు వదలడం మన విముక్తి కార్యక్రమంలో భాగమే. అట్లాంటప్పుడు ఆ ఊరు మునిగితే దళితుడికి బాధెందుకు? పీడ వదిలింది అనుకోవచ్చు గదా? ఒక మిత్రుడు నన్నిదే అడిగినాడు.

జవాబు నేను చెప్పలేదు, మా అమ్మను అడిగినాను. ఆమె అన్నది: ‘ఊరు మునిగితే నాకేం అబ్బీ, నా వాకిట్లో మునిగిందా? ఆ ఊర్లో నేను చెప్పులేసుకొని నడిచింది లేదు. మా అమ్మను పూడ్చిన జాగా మునిగింది, దానికి ఏడుస్తా. కానుపు చేసే మా పెదమ్మ ఒక కాలనీలో, మేము ఒక కాలనీలో. దానికి ఏడుస్తా.’

ఈ మాటలో ఒక విమర్శ సూత్రం ఉంది. ఊరూ, వాడా ఒకటి కాదు. ఊరు మనల్ని అణచిన ఏర్పాటు, వాడ దాని కింద మనం కట్టుకున్న బతుకు. అంబేద్కర్ నిలదీసింది ఊరిని. ఆయన కోరిన వేరే ఊరు మనం ఎంచుకొని, నేలతో, హక్కుతో పోయేది. డ్యాము చేసింది దానికి తలకిందులు. వాడను చెదరగొట్టింది, ఊరి కులాన్ని మాత్రం కొత్త లేఅవుట్లోకి జాగ్రత్తగా మోసుకొచ్చింది. ఎవరు నిర్ణయించినారు, ఏ చేతుల్తో పోయినాం అన్నదే తేడా.

ఆ తేడాను మన చరిత్రే చూపిస్తుంది. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయినాక, మిగిలినోళ్లు చీరాలకు పోయి మళ్లా ఆ ఊరికి పోము అన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. దళిత మహాసభ ఆ శిబిరంలో నుండి లేచింది. అది కూడా పల్లె ఖాళీ కావడమే. కాని అది రక్తంలో తీసుకున్న నిర్ణయం. రాష్ట్రం ముందు తలెత్తి నిలబడింది. ముంపు ఊళ్ల దళితులకు ఆ నిర్ణయం కూడా దక్కలేదు. వాళ్ల మీద దాడి చేసినోడి పేరు లేదు. నీళ్లకు కులముంటుందని నిరూపించడం కష్టం.

సాహిత్యంలో దీనికి దగ్గరగా వచ్చిన రాత జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000). అందులో కరువు కాలాన పల్లె విడిచి బకింగ్‌హాం కాలువ పనికి పోయిన శివయ్యకు అక్కడా కులమే ఎదురవుతుంది. ఊరు వదిలినా ఊరు వదలదని ఆ నవల చూపించింది. పల్లె చరిత్రను తరాల వెంట, పాటల వెంట, లోపల నుండి చెప్పింది. కావాల్సిన ఆధారాలు యాడున్నాయో కూడా చూపించింది. అవి కరణం కవిలెలో కాదు, ముసలమ్మ నోట్లో ఉన్నాయి. నవలకు ఒప్పుకున్న ఆధారాన్ని పరిశోధనకు ఎందుకు ఒప్పుకోరు?

పాలస్తీనా నుండి ఏం నేర్చుకోవాలి?

అంబేద్కర్ ఆ మాట అన్న 1948లోనే పాలస్తీనాలో నాలుగువందలకు పైగా ఊళ్లు ఖాళీ అయినాయి. ఏడు లక్షల మందికి పైగా కాందిశీకులైనారు. ఎక్కువ మంది సేద్యం చేసుకొనే వాళ్లే. అది యుద్ధంలో తరిమివేత. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరులో 194వ తీర్మానంలో తిరిగిపోయే హక్కు గురించి చెప్పినా అది అమలు కాలేదు. మన ముంపునూ దాన్నీ ఒకటే అనడం వాళ్ల బాధను తేలిక చేయడం అవుతుంది. నేనా పని చేయను. నేను చూస్తున్నది వాళ్లు ఊరిని ఎట్లా రాసుకున్నారన్నదే.

1992లో వలీద్ ఖాలిదీ సంపాదకత్వంలో ఒక పెద్ద పుస్తకం వచ్చింది. 418 ఊళ్లు. ఒక్కొక్క ఊరికి యాడుండేది, 1945 నాటి లెక్కల్లో జనం ఎంత, నేల ఎంత, ఎప్పుడు ఎట్లా ఖాళీ చేసినారు, ఇప్పుడు ఆ చోట ఏముంది అని రాసినారు. ఏడుపు లేదు, వరస ఉంది. ఆ వరసే చదివినోణ్ణి నిలవనీయదు. దానికి ముందే, 1980లలో బీర్‌జేత్ విశ్వవిద్యాలయం పోయిన ఊళ్ల మీద ఒక్కొక్క పుస్తకం వేయడం మొదలుపెట్టింది. తర్వాత ఊరి పెద్దలే తమ ఊరి పుస్తకాలు రాసుకున్నారు. చేతితో పటాలు గీసినారు. ఏ ఇల్లు ఎవరిది, ఏ బావి ఎవరిది, చేన్ల పేర్లేమి, పెండ్లి పాటలేమి. గలిలయలో సఫ్ఫూరియ్యా అనే ఊరు పోయినాక, ఆ జనం చాలామంది పక్కనున్న నజరేతుకు చేరినారు. వాళ్లుండే పేటను సఫాఫ్రా అంటారు. ఊరు లేదు, కాని ఊరి పేరు మనుషులతో నడిచొచ్చింది. మా చర్చీల్లో ప్రతి ఆదివారం పలికే నజరేతులో ఇట్లాంటి పేట ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇది నేర్చుకోవాల్సింది. దీంతోపాటు ఒక హెచ్చరిక కూడా. ఆ ఊరి పుస్తకాలు చాలా మటుకు మగవాళ్లు, పేరున్న ఇండ్లవాళ్లు రాసినవి. ఆడోళ్ల గొంతు తక్కువ. ఊరి లోపలి తగాదాలు మరుగున పడతాయి. పోగొట్టుకున్న ఊరు ఎవరికైనా అందంగానే కనపడుతుంది. వాళ్లకు ఊరంతా కలిసి తిరిగిపోయే కల ఉంది కాబట్టి ఆ అందానికి ఒక అర్థం ఉంది. మనం మాత్రం తిరిగిపోవడానికి రాయడం లేదు. ఆ ఊరికి మనం తిరిగిపోయేది లేదు, పోవాలని లేదు కూడా. మనం రాసేది సాక్ష్యం కోసం.

మన కైఫీయతు

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ముంపు కాలనీల్లో మన కైఫీయతు మనం రాయాలి. పెద్ద ప్రాజెక్టు, గ్రాంటు అక్కరలేదు. ఒక నోటుబుక్కు, ఒక ఫోను చాలు. మెకంజీ మనుషులు అడగనివి అడగాలి. వాడలో ఎన్ని గడపలు, ఎవరి తాతలు యాడ నుండి వచ్చినారు. నీళ్లు యాడ తెచ్చుకొనేవాళ్లు, ఎవరి బావి, ఎంతసేపు నిలబడాలి. కపిల తోలేటప్పుడు తోలు బానలు కుట్టినందుకు కళ్లంలో ఎంత మేర వచ్చేది, మోటార్లు వచ్చినాక ఆ పని ఏమైంది. కూలి ఏ సంవత్సరం ఎంత, పెంచమని ఎప్పుడు అడిగినారు, అడిగినందుకు ఏం జరిగింది. డి-పట్టా ఎవరి పేర ఉంది, చేను ఎవరి చేతిలో ఉండింది. పూడ్చిన జాగాలు యాడ. మొదటిసారి పదో తరగతి పాసయినోళ్లు ఎవరు. హోటల్లో గ్లాసు ఎప్పుడు మారింది. చర్చి ఎప్పుడొచ్చింది. ప్యాకేజీ డబ్బు దేనికి ఖర్చయింది. ఇప్పుడు పని యాడ.

ముందు ఆడోళ్లను అడగాలి. మగోళ్లు ఊరి తగాదాలు చెప్తారు, ఆడోళ్లు దారి చెప్తారు. నీళ్లకు, పుల్లలకు, కూలికి రోజూ నడిచిన దారులు వాళ్ల కాళ్లకే గుర్తు.

రాసినదాన్ని గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. ముసలోళ్ల జ్ఞాపకానికీ అడ్డదారులుంటాయి, మనకూ దాచుకొనేవి ఉంటాయి. మాలిండ్లకూ మాదిగిండ్లకూ మధ్య ఉన్న దూరం కూడా రాయాలి. అది దాస్తే మనదీ అగ్రహార చరిత్రే అవుతుంది. అవార్డుతో, అడంగల్‌తో, ఓటర్ల జాబితాతో సరిపోల్చుకోవాలి. కాగితం అబద్ధం చెప్పిన చోట నోరు దిద్దుతుంది, నోరు తడబడిన చోట కాగితం దిద్దుతుంది. ‘ఆధారం’ అంటే రెండూ.

మా మైదుకూరుకు దగ్గర్లోనే బ్రహ్మంగారి మఠం. ఆయన శిష్యుల్లో కక్కయ్య అనే మాదిగ ఉన్నాడని కథలు చెప్తాయి. ఆ కథల్ని ఇన్ని వందల ఏండ్లు మోసింది నోళ్లే, కరణాలు కాదు. ఆ పక్కన కట్టిన జలాశయానికి ఆయన గురువు పేరు పెట్టినారు, బ్రహ్మంసాగరం అని. దాని పేరులో శిష్యుడు లేడు, నీళ్ల కిందికి పోయిన ఇండ్ల లెక్కలోనైనా ఆయన వాళ్లను వెతకాలి. పక్క జిల్లాలో సోమశిల కట్టితే వెనక నీళ్లు మన నందలూరు వైపుకొచ్చినాయి. అక్కడా ఇదే పని ఉంది. ఒక్కో విద్యార్థి ఒక్కో ఊరు తీసుకుంటే అయిదేండ్లలో పని అవుతుంది. అయిదేండ్లు ఆగితే చెప్పేవాళ్లుండరు.

నా అధ్యాయం నేను తీసెయ్యలేదు. మా అమ్మ చెప్పిన ముప్పై పేర్లను అనుబంధంలో వేసినాను. పేరు, చోటు, ఆ చోట జరిగే పని, చెప్పినవాళ్లు అని నాలుగు గడులు. చెప్పినవాళ్ల గడిలో మా అమ్మ పేరు రాసినాను. బడికి పోని మనిషి. ఒక విశ్వవిద్యాలయం కాగితంలో ఆమె పేరు రావడం అదే మొదటిసారి. ఇక ఆధారం లేదని ఎవరూ అనలేరు.